బుడుబుంగలు - మామూలు

ఆ మంచినీళ్ళ చెరువు చుట్టుపక్కల ఎవరినైనా "షరా గారి ఇల్లెక్కడ" అని అడగండి, వేలు పెట్టి చూపిస్తారు. ఆయన అసలు పేరేమిటని అడిగితే మాత్రం తల గోక్కుంటారు. పేరుకన్నా పని పెద్దదైనప్పుడు అలాగే జరుగుతుంది మరి.

ఉద్యోగరీత్యా ఆయన గేజీ రీడరు. చెరువులో నాటిన నల్లరాతి స్తంభం మీద తెల్లరంగుతో అడుగులూ అంగుళాలూ గీసి ఉంటాయి. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూసి రిజిస్టరులో ఎక్కించాలి. ఇంతోటి పనికి ఒక మనిషెందుకని అన్నవాళ్ళు ఉన్నారు. అన్నవాళ్ళందరూ బదిలీల మీద వచ్చారు, బదిలీల మీద పోయారు. షరా గారు ముప్పై నాలుగేళ్ళు అక్కడే ఉన్నారు.

చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే. కానీ ఆ అయిదు తరగతుల్లోనే అక్షరం కుదిరిపోయింది. పట్టాలు పుచ్చుకున్న గుమాస్తాలు రాసింది వాళ్ళకే అర్థం కాక తలలు పట్టుకుంటుంటే, ఈయన రాసింది పక్కగదిలోంచి చదవవచ్చు. ముప్పై నాలుగేళ్ళ రిజిస్టర్లలో ఒక్క నాగా లేదు, ఒక్క కొట్టివేత లేదు. పెద్దకూతురి పెళ్ళినాడు కొత్తబట్టలతోనే వచ్చి గేజీ చూసి వెళ్ళారు. గట్టు మీద జారిపడి కాలు విరిగి నలభై రోజులు మంచాన ఉన్నప్పుడు భార్య వెళ్ళి అంకె చూసి వచ్చి చెప్పేది, ఆయన పడుకునే రాసేవారు. ఆ నలభై రోజుల అక్షరం కూడా ఒక్క వంకర పోలేదు. అనుమానమున్నవాళ్ళు స్టోరు గదిలోకి వెళ్ళి చూసుకోవచ్చు.

ఇక షరా సంగతి. రిజిస్టరులో తేదీ, నీటిమట్టం, వాన, తూము అయ్యాక చివర అంగుళమున్నర వెడల్పున ఒక గడి ఉండేది. దాని నెత్తిన "షరా" అని అచ్చువేసి ఉండేది. ఏదైనా ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంటే అక్కడ రాయాలన్నమాట. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు తనిఖీకి వచ్చిన అధికారి ఆ గడి ఖాళీగా ఉండడం చూసి, గడి ఖాళీగా వదిలితే పని ఎగ్గొట్టినట్టు లెక్క, ఏమీ లేనినాడు "మామూలు" అని రాయమని చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి రోజూ "మామూలు". అలా నడుస్తుండగా ఒక చలికాలపు పొద్దున ఎక్కడినుంచి వచ్చాయో వలసబాతులు, గేజీ రాయి చుట్టూ చాప పరిచినట్టు మూగాయి. అంకె కనబడదు. ఈయన చప్పట్లు కొట్టి, కండువా ఊపి, చివరికి వాటి దయ కోసం కాచుకుని, లోపలికి వచ్చి షరాలో నిజాయితీగా రాశారు: "గేజీ చుట్టూ బాతులు. పావుగంట ఆలస్యం."

అది చదివి తరవాతి అధికారి పగలబడి నవ్వాడు. నవ్వి ఊరుకోకుండా మరుసటి ఏడు ఆ రోజులకి కబురు పెట్టాడు, బాతులు వచ్చాయా అని. షరా గారికి అదే మొదలు. తను రాసింది ఒకరు చదివారు, చదివి గుర్తుపెట్టుకున్నారు. ఆ రుచి తగిలాక మనిషి ఆగుతాడా?

ఆ రోజునుంచి గట్టు మీద పూసిందీ, కాసిందీ, వాలిందీ, ఎగిరిందీ ఆయన కన్ను దాటి పోలేదు. తొలకరి పడిన ఎన్నో నాటికి గట్టు వారన గరిక పచ్చబడిందో, తెల్లకలువ మొదటి పువ్వు ఏ తేదీన విచ్చిందో, రెల్లు ఎప్పుడు వెన్ను తీసిందో, లకుముకి పిట్ట గట్టులో బొరియ ఎప్పుడు తవ్విందో అన్నీ ఆ అంగుళమున్నర గడిలో ఎక్కాయి. రెల్లు పూసిన పన్నెండో రోజుకి చెరువు మట్టం దిగడం మొదలుపెడుతుందని కనిపెట్టింది ఆయనే. ముగ్గురు ఇంజనీర్లు ఆ మాట నమ్మి తూములు సర్దుకున్నారు, ముగ్గురూ మాట పడలేదు. గుర్రపుడెక్క మొదటి మొక్క కాలవలోంచి కొట్టుకొచ్చిన రోజే మోకాలిలోతు నీళ్ళలో దిగి పీకి గట్టున ఎండబెట్టారు. పక్క చెరువులన్నీ దాని కింద ఊపిరాడక చచ్చాయి, ఈ చెరువు బతికింది. పత్రికలో ఆయన ఫోటో వేశారు. పదవీ విరమణ నాడు ఇచ్చిన ప్రశంసాపత్రం అద్దం కట్టించి మంచానికి ఎదురుగా, నిద్రలేవగానే కనబడేలా, తగిలించి ఉంది.

ఇన్నింటిలోకీ కిరీటం లాంటిది తెడ్డుమూతి కొంగ. ఒక చలికాలంలో ఒకే ఒక్కటి వచ్చింది. తెల్లటి పక్షి, గరిటె అతికించినట్టు ముక్కు. ఆ చెరువులో అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. షరా గడి చాలక ఆయన వేరే కాగితం మీద ఎనిమిది పంక్తులు రాసి రిజిస్టరులో అతికించారు. దాన్ని చూడడానికి జనం వారం రోజులు గట్టెక్కారు. ఆయన వారం రోజులు తిండీ నిద్రా మరిచి అందరికీ చూపించారు.

మామూలుగా ఉండే పిట్టలకి మాత్రం అంత సిరా ఖర్చు కాలేదు. కొంగలూ, నీటికోళ్ళూ, బుడుబుంగలూ ఏడాది పొడుగునా అక్కడే పడి ఉండేవి. రోజూ ఇంట్లో కనబడేవాళ్ళ గురించి ఉత్తరం ఎవరు రాస్తారు? నెల మొదటి తేదీన ఒక్క ముక్క, "కొంగలు, నీటికోళ్ళు, బుడుబుంగలు - మామూలు" అని రాసి చేతులు దులుపుకునేవారు.

బుడుబుంగలు ఆయన భార్య పిట్టలు. క్వార్టర్సు వెనక చెరువులోకి దిగే నాలుగు మెట్లుండేవి, ఆవిడ అక్కడ బట్టలు ఉతికేది. మెట్ల పక్కనే జమ్ము ఒత్తుగా ఉండేది. పిడికెడంత పిట్ట, గుండ్రంగా, తోకే లేనట్టుంటుంది, బుడుంగున మునిగి ఎక్కడో తేలుతుంది. నాచూ ఆకులూ పోగేసి నీళ్ళ మీద తేలే గూడు కట్టి, బయటికి పోయేటప్పుడు గుడ్ల మీద తడి ఆకులు కప్పి మరీ పోతుంది. పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిరుగుతుంది. ఇదంతా ఆవిడ గుడ్డలు బండకేసి కొడుతూ చూసింది. భోజనాల దగ్గర చెప్పేది. ఆయన "ఊఁ" కొట్టేవారు. నవ్వినట్టుండే బుడుబుంగ కూతను అచ్చంగా అనుకరించేది కూడా. ఆడపిల్లలిద్దరూ అది విని కింద పడి దొర్లేవాళ్ళు.

ఆయన ఉద్యోగంలో పందొమ్మిదో ఏడు వేసవిలో క్వార్టర్సు వైపు గట్టుకి రాతికట్టుడు కట్టారు. జమ్ము మొత్తం పీకి, నీటి అంచు దాకా రాళ్ళు పేర్చి సిమెంటు పూశారు. మెట్లు శుభ్రపడ్డాయి, బురద పోయింది. అందరూ సంతోషించారు. ఆయనా సంతోషించారు, షరాలో "గట్టు చక్కగా ఉన్నది" అని రాశారు.

ఆ తరవాత పదిహేనేళ్ళు ఉద్యోగం చేసి, రిటైరై, చెరువుకి ఎదురుగానే చిన్న ఇల్లు కట్టుకున్నారు. రిటైరైన ఆరేళ్ళకి ఒక రోజు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే పంతులమ్మ ఒకావిడ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, మెడలో దుర్భిణి, కాళ్ళకి బురద. చెరువు గట్టు మీద రెండేళ్ళుగా పిట్టల్ని లెక్కపెడుతోందట. స్టోరు గదిలో ఆయన రిజిస్టర్లు చూసి ఆశ్చర్యపోయిందట. ఆ మాట విని షరా గారు కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకున్నారు. తెడ్డుమూతి కొంగ కథ మొదటినుంచి చివరిదాకా చెప్పారు. పంతులమ్మ ఓపిగ్గా విన్నది. విని, అసలు విషయానికి వచ్చింది.

ఉత్తరం వైపు ఇంకా జమ్ము మిగిలి ఉంది, నీటికోళ్ళు అక్కడే పిల్లల్ని చేస్తున్నాయి. ఇప్పుడు ఆ వైపు కూడా రాతికట్టుడు కట్టాలని ఆఫీసు వాళ్ళు అనుకుంటున్నారు. కడితే నీటికోళ్ళు పోతాయని ఈవిడ అంటోంది. ఇటువైపు కట్టినప్పుడు ఏ పిట్టా పోలేదు, మీ షరా గారి రిజిస్టరే సాక్ష్యం అని వాళ్ళు అంటున్నారు.

"బాబాయిగారూ, ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి," అన్నది పంతులమ్మ. "ఈ రెండేళ్ళలో నాకు ఒక్క బుడుబుంగ కూడా కనబడలేదు. మీరేమో రిటైరయ్యే నెల దాకా మామూలు అని రాశారు. అవి నిజంగా అప్పటిదాకా ఉన్నాయా?"

"మునిగి ఉంటాయమ్మా," అన్నారు షరా గారు. "వాటి పనే అది."

లోపల చేటలో ఏదో ఏరుతున్న భార్య చెయ్యి ఆగింది. 

మర్నాడు పొద్దున్నే ఆయన గడియారం పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. బుడుబుంగ ఎంతసేపు మునిగినా అరనిమిషంలో తేలవలసిందే, ఆ సంగతి ఆయనకి తెలుసు. అరనిమిషం చూశారు. నిమిషం చూశారు. ఎండ నెత్తికెక్కేదాకా మూడు గంటలు చూశారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడిపోయారు.

"ఏవోయ్, బుడుబుంగలు కనబడట్లేదని నువ్వు నాతో ఎప్పుడైనా అన్నావా?"

"ఎప్పుడైనానా," అన్నది భార్య. "మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ మునిగి ఉంటాయిలే అన్నారు. ఎన్నేళ్ళు మునుగుతాయండీ అవి? చేపలా?"

"మొదటిసారి ఎప్పుడు? తారీఖు గుర్తుందా?"

"చెప్పినప్పుడు చెవిన పెట్టలేదు, ఇప్పుడు తారీఖు కావలసొచ్చిందా?" అన్నదే గాని, ఆవిడకి గుర్తుంది. "ఆ తెడ్డు మూతిది వచ్చిందే, మీరు ఎనిమిది పంక్తులు రాశారే, ఆ రోజు. సిరాబుడ్డి ఒలుకుతుందని నా చేత పట్టించారు. పట్టుకుని నిలబడే చెప్పాను. గట్టు కట్టినప్పటినుంచీ వాటి నవ్వు వినబడట్లేదండీ, ఇవాళ పొద్దుటినుంచీ చూశాను, ఒక్కటీ లేదు, అది కూడా రాయండి అన్నాను. వెలుతురుకి అడ్డం రాకు, పక్కకి జరుగు అన్నారు. జరిగాను."

తన జీవితంలో అన్నిటికన్నా గొప్పదనుకున్న పేజీ అది. ఆ పేజీలో సిరా తడి ఆరకముందే పక్కన నిలబడి ఒక మనిషి అసలు వార్త చెప్పింది.

"కాలు విరిగినప్పుడు నలభై రోజులు నేను చెప్పిన అంకె రాసుకున్నారు కదా," అన్నది ఆవిడ, చేట మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "అంకె నమ్మారు. పిట్టని నమ్మలేదు."

ఆయన లెక్క చూసుకున్నారు. ఆ రోజు మొదలు రిటైరయ్యేదాకా లేని బుడుబుంగల్ని మామూలు అని నూట డెబ్బై ఆరు సార్లు రాశారు. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా.

ఆ సాయంత్రమే పంతులమ్మ మళ్ళీ వచ్చింది. నాలుగు రోజుల్లో ఆఫీసులో సమావేశం ఉందనీ, ఆయన వచ్చి నిజం ఏమిటో ఒక్క మాట చెబితే చాలుననీ, తన రెండేళ్ళ లెక్కకన్నా ఆయన మాటకే బరువెక్కువనీ చెప్పింది. వస్తాననీ, చెబుతాననీ షరా గారు మాట ఇచ్చారు. తెడ్డుమూతి కొంగ వచ్చిన తేదీ ఒక చీటీ మీద రాసి, దాని కింద "ఈ తేదీకి ముందే బుడుబుంగలు పోయినవి" అని రాసి, చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సమావేశం ఆఫీసు మేడ మీద పెద్దగదిలో పెట్టారు. పాతికమంది ఉన్నారు. ఇనుపకుర్చీలు, తిరగని ఫ్యాను ఒకటి, తిరిగే ఫ్యాను ఒకటి. షరా గారికి ముందువరసలో కుర్చీ వేశారు. కొత్త ఇంజనీరు మంచివాడే, మర్యాద తెలిసినవాడు. ఎర్ర అట్టల రిజిస్టర్లు నాలుగు బల్ల మీద పెట్టించాడు. ఒకటి తెరిచి అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, ముప్పై నాలుగేళ్ళు ఒక మనిషి ఒక్క రోజు మానకుండా రాసిన రికార్డు ఇదనీ, ఇలాంటిది ఇంకే చెరువుకీ లేదనీ, తను ఉద్యోగంలో చేరినప్పుడు పెద్దలు ఈ రాత గురించే చెప్పారనీ అన్నాడు. గట్టు కట్టిన ఏడాది పేజీ, మరుసటి ఏడాది పేజీ, పదేళ్ళ తరవాతి పేజీ చదివాడు. కొంగలు, నీటికోళ్ళు, బుడుబుంగలు - మామూలు. మామూలు. మామూలు.

తన అక్షరం పాతికమంది ముందు పైకి వినబడుతుంటే షరా గారి వెన్ను దానంతట అదే నిటారయింది.

"ఇది మీరు రాసిందేనా పెద్దాయనా?" అని అడిగాడు ఇంజనీరు.

ఆయన లేచి నిలబడ్డారు. చెయ్యి జేబు దాకా వెళ్ళింది. చీటీ మడత వేలికి తగిలింది. వెనకవరసలో పంతులమ్మ కుర్చీ అంచుకి జరిగింది. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా "ఇది తప్పు" అని రాయని చెయ్యి అది. దానికి ఆ పని అలవాటు లేదు.

"నా రాతేనండి," అన్నారు.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. గదంతా కొట్టింది. ఆయన కూర్చున్నారు. చప్పట్లు ఆగాక లేద్దామనుకున్నారు. అవి ఆగేసరికి ఇంజనీరు వేరే విషయం ఎత్తుకున్నాడు, ఆ తరవాత టీ వచ్చింది. పంతులమ్మ తన కాగితాలు సంచీలో సర్దుకుని ఆయన పక్కనుంచే వెళ్ళింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. చూడలేదు.

ఇంటికి రాగానే భార్య అడిగింది. "చెప్పారా?"

"రాత నాదేనని చెప్పాను."

"అది వాళ్ళకి తెలుసుగా," అన్నది ఆవిడ.

మంచినీళ్ళ గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ మాట ఆయన్ని మూడు రోజులు పీడించింది. అద్దం కట్టిన ప్రశంసాపత్రం కేసి చూడలేక మంచం రెండోవైపుకి తిప్పి వేసుకున్నారు. నాలుగో రోజు గడ్డం గీసుకుని, చీటీ తీసుకుని ఆఫీసుకి బయలుదేరారు.

ఇంజనీరు లేచి కుర్చీ చూపించాడు. షరా గారు ఈసారి నిలబడే చెప్పేశారు, రిజిస్టరులో బుడుబుంగల మాట పదిహేనేళ్ళు తప్పని, తను చూడకుండా రాశానని, కొట్టివేసి పక్కన సంతకం పెడతానని. ఇంజనీరు చాలాసేపు పెన్నుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు. రిటైరైనవాళ్ళ చేత ఆఫీసు రికార్డు దిద్దించే నిబంధన లేదన్నాడు. ఉత్తర్వు నిన్ననే సంతకమైపోయిందన్నాడు. ఆ తరవాత కొంచెం గొంతు తగ్గించాడు.

"ఆ రోజే చెప్పవలసింది పెద్దాయనా. నేను వినేవాణ్ణి."

అదే ఆయన్ని నిలువునా కోసింది. వినేవాడేనట.

తిరిగి వచ్చేటప్పుడు ఉత్తరపు గట్టు మీదుగా వచ్చారు. అప్పటికే జమ్ము కోసి కట్టలు కట్టి గట్టున పేరుస్తున్నారు. ఆ కట్టల మధ్య ఒక నీటికోడి ఎటు పోవాలో తెలియనట్టు నడుస్తోంది. కూలీల్లో ఒకతను ఆయన్ని గుర్తుపట్టి, "షరా గారూ, ఇది కూడా రాస్తారా?" అని నవ్వుతూ అడిగాడు. వేళాకోళానికి కాదు, అభిమానంగానే అడిగాడు.

పంతులమ్మని కాలేజీకి వెళ్ళి కలిశారు. చీటీ ఇచ్చారు. ఆవిడ చదివి, ఈ చెరువుకి ఇక అక్కరకి రాదుగానీ ఇంకో రెండు చెరువుల దగ్గర ఇదే పని తలపెట్టారనీ, అక్కడ చూపిస్తాననీ చెప్పి, కింద సంతకం పెట్టమన్నది. ఆయన పెన్ను తీసి సంతకానికి ముందు ఇంకో పంక్తి రాశారు: "ఇది చూసినది నా భార్య. ఆ రోజే చెప్పినది. నేను రాయలేదు." అప్పుడు సంతకం పెట్టారు. చివరి అక్షరం కాస్త వంకర పోయింది. దిద్దలేదు.

ఆ వారమే ఒక కొత్త నోటుపుస్తకం కొన్నారు. ఈసారి గడులు ఆయనే గీశారు, అన్నింటికన్నా వెడల్పుగా షరా గడి గీశారు. పొద్దున్నే ఇద్దరూ ఇంటి అరుగు మీద కూర్చుంటారు. ఆవిడ చూసి చెబుతుంది, ఆయన రాస్తారు. ఇప్పుడు మామూలు అనే మాట లేదు. కాకులు ఎన్ని, కొంగలు ఎన్ని, రాళ్ళ సందున మొలిచిన గరిక ఎంత మేర అని అంకె వేయవలసిందే.

"నీటికోళ్ళు?"

"రెండు. మొన్న అయిదు కదూ."

ఆయన రెండు అని వేశారు. పిట్టల పేర్లు ఒక్కొక్కటీ అయ్యి, చివరి పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆవిడ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని నీళ్ళకేసి చాలాసేపు చూసింది. పక్కమనిషి ముఖం చూసి జాలేసిందో ఏమో.

"మునిగి ఉంటాయేమో లెండి," అన్నది మెల్లగా.

షరా గారు తల అడ్డంగా ఊపారు. అక్షరం అక్షరం పట్టుగా, తనకి ఇన్నేళ్ళూ చేతకాని మాట రాశారు. బుడుబుంగలు - లేవు.